జబ్బు చేసిన బిడ్డ దగ్గర తండ్రికి చోటెక్కడ? ఒక పిల్లల వార్డు నర్సు సమాధానం

తమ్ముడూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ ఊరు టెక్కలి దగ్గర. హైదరాబాదులో భవన నిర్మాణ పనుల దగ్గర సూపర్‌వైజరుగా ఉన్నారు. నాలుగేళ్ల బాబుకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు అని తేలింది, తగ్గి మళ్లీ తిరగబెట్టింది. మీ భార్య, అత్తగారు ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నారు. మీరు సెలవు పెట్టి వస్తే వార్డు బయటే నిలబెట్టారు. "మగవాడివి, అక్కడ నీకేం పని, డబ్బు సంగతి చూడు" అని మీ అమ్మగారు అన్నారు. మన ప్రాంతంలో తండ్రి బతుకు ఇంతేనా, లేక లోపం మీలోనే ఉందా, దూరం నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, లోపం మీలో లేదు. అలాగని అంతా ఆచారం మీదికి తోసేసి ఊరుకోవడానికీ లేదు. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో బిడ్డకు జబ్బు చేస్తే తండ్రికి మూడు పనులు అప్పగించారు: డబ్బు తేవడం, బండి మాట్లాడడం, సంతకం పెట్టడం. ఒళ్లు తుడవడం, మందు మింగించడం, రాత్రంతా మేలుకోవడం తల్లి వంతు. ఈ పంపకం చేసింది ఆచారం ఒక్కటే కాదు. వలస, పుట్టింటి పురుడు, ఆస్పత్రి నిబంధనలు అన్నీ కలిసి చేశాయి. దీన్ని దాటడానికి ఎవరో పిలవాలని చూడకండి. బాబు వైద్యంలో రోజూ జరగాల్సిన పని ఒకటి పూర్తిగా మీ బాధ్యతగా తీసుకోండి. హైదరాబాదులో ఉండి కూడా అది చేయవచ్చు. ఎలాగో కింద రాస్తాను.

నేను స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. ఉద్యోగం చాలావరకు ఈ రెండు జిల్లాల పిల్లల వార్డుల్లోనే గడిచింది. మందుల మోతాదుల దగ్గర మీ డాక్టరుగారి మాటే మాట. మిగిలినది నేను చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ముందు ఒక భయం తీర్చుకోండి. మీ ప్రశ్న నిండా "కిడ్నీ జబ్బు" అన్న మాటే ఉంది. మన జిల్లాలో ఆ మాట వినగానే ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఆ జబ్బు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో అందరికీ తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది కూడా అందుకే. కానీ అది ఎక్కువగా పెద్దవాళ్లకు, పొలం పనుల్లో ఒళ్లు అరగదీసుకునేవాళ్లకు మెల్లగా వచ్చే దీర్ఘకాలిక జబ్బు. దానికి అసలు కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. మీ బాబుది వేరు. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా రెండు నుంచి ఆరేళ్ల మధ్య, మూత్రంలో ప్రొటీన్ పోయి కళ్ల కింద, కాళ్లకు వాపు వచ్చే జబ్బు ఇది. ఎక్కువమంది పిల్లలకు స్టెరాయిడ్ మందుతో తగ్గుతుంది. తిరగబెట్టడం దీని స్వభావమే. చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి పూర్తిగా పోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కవిటి వైపు నుంచి వచ్చిన ఒక తండ్రిని మరిచిపోలేను. కూతురికి ఇదే జబ్బు. ఆయన తండ్రి డయాలసిస్ మీద కొంతకాలం ఉండి చనిపోయాడు. "కిడ్నీ" అన్న మాట చెవిన పడగానే ఆయన వరండాలో కూలబడ్డాడు. మర్నాటికి జీడితోట బేరం పెట్టాడని తెలిసింది. చూసినవాళ్లు తొందరపాటు మనిషి అనుకున్నారు. నిజానికి డాక్టరుగారు అంతా వివరంగానే చెప్పారు, కానీ వార్డు లోపల తల్లికి చెప్పారు. ఆమె నిద్ర లేక తూలుతూ విన్నది. బయటికొచ్చి భర్తకు "కిడ్నీ అంటున్నారు, చాలా నెలలు మందులు వాడాలంట" అని మాత్రమే చెప్పగలిగింది. ఆయనను ప్రత్యేకంగా కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాక తోట నిలిచింది.

మన దగ్గర వివరం తల్లికి చేరుతుంది, నిర్ణయం తండ్రి చేతిలో ఉంటుంది. ఈ రెండిటి మధ్య మాట జారిపోతుంది. వార్డులో ఎక్కువ గొడవలు నేను చూసినంతలో ఇక్కడే పుట్టాయి. బిడ్డకు మూర్ఛలతో జ్వరం వచ్చి, మెదడు జ్వరమేమోనని వెన్నులో నీరు తీసి పరీక్ష చేయాలంటే తల్లి "ఆయన రావాలి" అంటుంది. ఆయన చెన్నైలోనో సూరత్‌లోనో ఉంటాడు. ఫోనులో ఆయనకు వినిపించేది వెన్ను, సూది అన్న రెండు మాటలే. వద్దంటాడు. ఆ జబ్బులో గంట గంటకూ విలువ ఉంటుంది. చట్టం కూడా చాలాకాలం ఇదే ధోరణిలో నడిచింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి అని ఉంది. "ఆయన తర్వాత" అంటే ఆయన చనిపోయాక అని మాత్రమే కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు కూడా అని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీరు ఈ రోజే మీ భార్యకు చెప్పండి: అత్యవసరమైతే నా ఫోను కోసం చూడకు, నువ్వే సంతకం పెట్టు, ఏం జరిగినా నిన్ను ఒక్క మాట అనను. ఇది మీ అమ్మగారి ముందు, మీ మామగారి ముందు కూడా చెప్పండి. తండ్రి తన అధికారాన్ని ఇలా పంచడం కూడా బిడ్డకు సేవ చేయడమే.

ఇక వార్డు బయట నిలబెట్టిన సంగతి. మీ కోపం నాకు అర్థమైంది, కానీ అటువైపు కూడా వినండి. పిల్లల వార్డులో రాత్రి పడుకునేది తల్లులు. మంచాల మధ్య నేల మీద చాపలు వేసుకుని, పాలిచ్చే తల్లులు కూడా అక్కడే ఉంటారు. మగవాళ్లను రాత్రి ఆపడంలో న్యాయం ఉంది. అన్యాయమల్లా పగటిపూట కూడా తండ్రిని మందుల చీటీ మోసేవాడిగానే చూడడం. దీనికి పోట్లాట పనికిరాదు. డ్యూటీ సిస్టర్ దగ్గరికి వెళ్లి "బాబుకు మందు వేసే వేళకు నేను లోపలికి వచ్చి వేయించవచ్చా" అని అడగండి. ఊరికే లోపలికి పంపమంటే కాదంటారు. ఫలానా పని చేస్తానంటే చాలాసార్లు సరేనంటారు. బాబును మూత్రానికి తీసుకెళ్లడం, బరువు చూపించడం, రక్తం తీసేటప్పుడు ఒళ్లో పట్టుకోవడం, ఇవన్నీ అడిగి తీసుకోగల పనులు. రక్తం తీసేటప్పుడు తండ్రి ఒళ్లో పిల్లలు తక్కువ గింజుకుంటారని మా వార్డుల్లో అనుకునేవాళ్లం. శాస్త్రం ఏమంటుందో కానీ, మాకు మాత్రం పని తేలికయ్యేది.

పుట్టింటి పురుడు గురించి తక్కువమంది ఆలోచిస్తారు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరిగి వచ్చేదాకా తండ్రి చుట్టపుచూపుగా వచ్చిపోయేవాడే. బిడ్డ ఏడుపులో ఏది ఆకలిదో ఏది కడుపునొప్పిదో తెలుసుకునే కాలమంతా ఆయనకు దక్కదు. ఆ నెలల్లో బిడ్డకు జబ్బు చేస్తే పరుగెత్తేది తాత, మేనమామ. పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్లో, చెవులు కుట్టేదీ మేనమామ ఒళ్లోనే, ఆస్పత్రిలో సెలైన్ సీసా పట్టుకుని నడిచేదీ చాలాసార్లు ఆయనే. మేనరికం ఇళ్లలో ఇంత దూరం ఉండదని నాకు అనిపించేది. అత్తవారిల్లు ఆ తండ్రికి కొత్త కాదు కదా. అలాగని మేనరికాలు మంచివని అనడం లేదు. వంశపారంపర్య జబ్బుల పిల్లలను చూసిన నేను ఆ మాట అనలేను.

మీ బావమరిదిని చూసి చిన్నబుచ్చుకోకండి. ఆయన వదిలితే ఆ పని మీకు రాదు, మీ భార్య మీద పడుతుంది.

ఇదంతా మగవాళ్ల స్వభావం అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సీతంపేట కొండల నుంచి వచ్చే సవర గిరిజన తండ్రులను ఒకసారి చూడండి. ఇంట్లో చంటిబిడ్డ ఉందని తల్లిని దించకుండా, జ్వరం బిడ్డను వీపున కట్టుకుని తండ్రే దిగుతాడు. వార్డులో గంజి తినిపిస్తాడు, గుడ్డలు ఉతుకుతాడు, బిడ్డ పక్కనే నేల మీద కునుకు తీస్తాడు. ఇందులో సిగ్గుపడాల్సినది ఉందని ఆయనకు ఎవరూ నేర్పలేదు. బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న పల్లపు ఊళ్లో అదే పని చేసిన మగవాణ్ణి "ఆడంగి" అంటారు. ఒకే ప్రాంతంలో, ఒకే వార్డులో రెండు రకాల తండ్రులు. ఇక స్వభావం అనే మాటకు అర్థం ఏముంది?

దూరం వెళితే తేడా ఇంకా పెద్దది. మధ్య ఆఫ్రికా అడవుల్లోని అకా జాతి తండ్రులు రోజులో దాదాపు సగం సమయం పసిబిడ్డకు చేయి చాచినంత దూరంలోనే ఉంటారని మానవ శాస్త్రవేత్త బారీ హ్యూలెట్ లెక్క కట్టాడు. స్వీడన్‌లో బిడ్డకు జబ్బు చేస్తే ఏడాదికి ఒక్కో బిడ్డకు 120 రోజుల దాకా తల్లి గానీ తండ్రి గానీ భత్యంతో సెలవు తీసుకోవచ్చు. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుట్టినప్పుడు పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉంది. మీలాంటి ప్రైవేటు ఉద్యోగికి చట్టప్రకారం అదీ లేదు. మేస్త్రీ, కూలీ పనికి రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. పట్టణాల్లో కూర్చుని "మన మగవాళ్లు మారాలి" అనేవాళ్లు ఈ సంగతి కూడా చూడాలి.

మన తెలుగు నేల మీదనే ఇంకో విచిత్రం ఉంది. గోదావరి ప్రాంతపు ఎరుకల కుటుంబాల్లో భార్యకు నొప్పులు మొదలవగానే భర్త ఆమె చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, మసక దీపం ఉన్న గదిలో పడుకునేవాడని, పుట్టిన బిడ్డను కడిగి ఆయన పక్కనే పడుకోబెట్టేవారని, బెల్లం, ఇంగువ కూడా తల్లికి బదులు ఆయనకే పెట్టేవారని పందొమ్మిదో శతాబ్దంలో ఒక మిషనరీ రాసుకున్నాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దాన్ని దక్షిణ భారత కులాలు, తెగల గురించిన తన సంపుటాల్లోకి ఎక్కించాడు. ఆ తల్లికి ఇంగువ దక్కకపోవడం నాకు నచ్చలేదు గానీ, పురిటి మంచం మీద తండ్రికి చోటు లేదన్నది మాత్రం మన నేలకు అనాది నియమం కాదు.

ఇప్పుడు మీ పని. అన్నిటికన్నా ముందు చేయాల్సింది మీ అమ్మగారికి చెప్పడం, అది చేయగలిగింది మీరొక్కరే. వాపు ఉన్నప్పుడు బాబుకు ఉప్పు తగ్గించాలి. స్టెరాయిడ్ వేసుకునే పిల్లలకు ఆకలి విపరీతం. అన్నంలో ఆవకాయ వేయమని, ఎండుచేప ముక్క కావాలని ఏడుస్తాడు. నాయనమ్మ చేయి ఆగదు. కోడలు వద్దంటే "నా మనవడికి నేను తిండి పెట్టకూడదా" అని ఇల్లు రెండుగా చీలుతుంది. అదే మాట కొడుకు చెబితే వేరు. వాపుకు పసరు మందు పోయిద్దామని, నీరు తీయడానికి వాతలు పెట్టిద్దామని ఎవరో ఒకరు అంటారు. మొహం గుండ్రంగా ఉబ్బితే "ఇంగ్లీషు మందు పడలేదు, ఆపేయండి" అని కూడా అంటారు. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. వీటిలో ఒక్కదానికి కూడా మీ భార్య ఎదురు నిలవలేదు. నిలిస్తే, రేపు జబ్బు తిరగబెట్టినప్పుడు నింద ఆమె మీదే పడుతుంది. చంటిబిడ్డకు విరేచనాలైతే తల్లి ఏం తిన్నదో అని వెతికే ఊళ్లు మనవి. మీరు మీ అమ్మగారికి ఫోను చేసి, కోడలి పేరు ఎత్తకుండా, "డాక్టరుగారు నాకు చెప్పారు, నేను చెబుతున్నాను" అనండి. వైద్యం తాలూకు కాదనడాలన్నీ మీ నోటి నుంచి రావాలి. డబ్బు పంపడం కన్నా ఇది కష్టం, నాకు తెలుసు.

వంశపారంపర్య జబ్బుల్లో ఈ నింద ఇంకా ఘోరం. సికిల్ సెల్ బిడ్డ పుడితే "మీ వాళ్ల రక్తం" అని తల్లిని పుట్టింటికి పంపిన ఇళ్లు ఉన్నాయి. ఆ జబ్బు రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం అందాలి. తండ్రి ఊరందరి ముందు తన రక్తం పరీక్షకు ఇచ్చిన చోట ఆ మాట ఆగిపోవడం చూశాను. మీ బాబుది అటువంటి జబ్బు కాకపోయినా, ఎవరైనా ఆ దారిలో మాట్లాడితే మొదట్లోనే ఆపండి.

రెండో పని, మూత్ర పరీక్ష పుస్తకం. ఈ జబ్బులో ఇంటి దగ్గర పొద్దుటి మొదటి మూత్రాన్ని పరీక్ష పట్టీతో చూసుకోవాలి. పట్టీని ముంచి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, రంగును డబ్బా మీది రంగులతో పోల్చాలి. వెలుతురులో తీసిన ఫొటో మీ భార్య మీకు పంపితే చాలు. నోటుపుస్తకం, లెక్క, డాక్టరుతో మాటలు మీవి. ఒక్కో రోజుకు ఒక్కో వరుస: తేదీ, పట్టీ ఫలితం, ఇచ్చిన మందు, బరువు, వాపు, జ్వరం లేదా జలుబు. వరుసగా మూడు రోజులు ప్రొటీన్ మూడు ప్లస్సులు (డబ్బా మీద 3+ అని ఉండే రంగు) గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తిరగబెట్టినట్టు లెక్క, వాపు వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో తప్పకుండా చూడాలి, చాలాసార్లు అవే తిరగబెట్టిస్తాయి. పట్టీలు, మందులు అయిపోకముందే పంపే బాధ్యత కూడా మీదే పెట్టుకోండి. జ్వరంతో పాటు గట్టి కడుపునొప్పి వచ్చినా, మూత్రం బాగా తగ్గినా పుస్తకాలు, ఫోనులు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి. స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో నడుస్తుండగా కొన్ని టీకాలు వేయకూడదు, అంగన్‌వాడీలో టీకా అంటే ముందు డాక్టరును అడగండి.

ఒక హెచ్చరిక. ఈ పని మొదలుపెట్టిన తండ్రుల్లో కొందరు నెల తిరిగేసరికి తనిఖీ అధికారులు అవుతారు. వీడియో కాల్ చేసి "ఫొటో ఏది, ఎందుకు ఆలస్యం, అన్నంలో ఉప్పు వేశావా" అని భార్యను నిలదీస్తారు. అలా చేసేకంటే డబ్బు పంపి ఊరుకోవడమే నయం. ఫొటో రాని రోజున మీరు అడగాల్సింది "నువ్వు తిన్నావా, రాత్రి నిద్ర పట్టిందా" అని. ఖాళీ ఉన్న వరుస పుస్తకంలో ఖాళీగానే ఉండనివ్వండి.

మూడోది, మీ బదులు ఇంకో మగమనిషిని నిలబెట్టడం. తీరం ఊరి నుంచి వచ్చిన ఒక మత్స్యకారుడు గుర్తొస్తున్నాడు. మన తీరం నుంచి చాలామంది లాగే ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్‌కు వెళితే మళ్లీ వేసవికే వచ్చేవాడు. కొడుక్కు చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ సూది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఆయన ఉన్న ఆ వేసవిలో సూది వేయడం మా దగ్గర నేర్చుకున్నాడు. ఇసుకలో మట్టికుండ పెట్టి, ఇసుక తడిగా ఉంచుతూ మందు చల్లగా నిలిపే పద్ధతి ఇంట్లో అమర్చాడు. వెళ్లే ముందు తమ్ముణ్ణి వార్డుకు తీసుకొచ్చి "నేను లేనప్పుడు వీడు చేస్తాడు, నా ఎదురుగా నేర్పండి" అన్నాడు. ఆ చిన్నాన్న తర్వాత ప్రతి ఓపీకి వదినతో వచ్చేవాడు. మీకు తమ్ముడో అన్నో ఊళ్లో ఉంటే ఓపీ రోజున బండి నడపడానికి మాత్రమే కాకుండా, లోపలికి వెళ్లి డాక్టరు మాట వినడానికి పంపండి.

మొక్కుల గురించి కూడా అడిగారు, అరసవల్లికి మొక్కుకున్నానని, అది మూఢనమ్మకమా అని. నేను ఎగతాళి చేయను. ఏడవకూడదని పెంచిన మగవాడికి మన ఊళ్లలో బిడ్డ మీద బెంగను నలుగురిలో చూపించడానికి దక్కిన మర్యాదైన దారి మొక్కు. తలనీలాలు ఇవ్వండి, ఆదివారం దర్శనానికి వెళ్లండి. బాబును మాత్రం స్టెరాయిడ్ ఎక్కువగా నడిచే రోజుల్లో రథసప్తమి జనంలోకి తీసుకెళ్లకండి, అంటురోగాలు తేలిగ్గా పట్టుకుంటాయి. మీరొక్కరే వెళ్లి రండి.

బెంగ కోపంగా మారుతున్నా, తాగుడుగా మారుతున్నా గమనించుకోండి. గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి, తెల్లవారుజామున డ్యూటీ దిగి వెళ్లే నర్సును పక్కకు పిలిచి "బతుకుతాడా సిస్టర్" అని అడిగిన తండ్రులు ఎంతోమంది. పగలు వార్డులో అరిచినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. మీకు ఆ ప్రశ్న ఉంటే ఓపీలో డాక్టరునే అడగండి, మీ భార్య పక్కన ఉండగా.

ఊరికి మళ్లీ ఎప్పుడు వస్తున్నారో రాయలేదు. వీలైతే ఓపీ తేదీకి ముందు రోజు చేరేలా సెలవు పెట్టండి. ఆ పొద్దుటి పరీక్ష మీ చేత్తో చేసి, పుస్తకం పట్టుకుని లోపలికి మీరూ వెళ్లండి. డాక్టరుగారిని మూడు అడగండి: మందు ఎన్నాళ్లకు ఎంత తగ్గిస్తారు, ఏ ఫలితం వస్తే ఎవరికి ఫోను చేయాలి, ఏ టీకాలు ఆపాలి. బాబు బరువు, ఇప్పుడు నడుస్తున్న మోతాదు, పోయిన వారం పట్టీ ఫలితాలు ఇక్కడ రాస్తే పుస్తకం ఎలా గీసుకోవాలో నమూనా రాసి పెడతాను.